పుర్రచేతి కొడవలి

ఫోటోలో మనిషికి ముఖం లేదు. నడుం వంచి వరి కోస్తోంది కాబట్టి కనిపించేదల్లా తలగుడ్డ, వీపు, బురదలో దిగబడిన రెండు పాదాలు, దుబ్బును పట్టిన ఒక చెయ్యి, కొడవలి ఉన్న ఇంకో చెయ్యి. రైసుమిల్లు గిరిబాబు తన ఫోను షాపులో బొమ్మలు వేసే శాంతి ముందు పెట్టి రెండు వేళ్ళతో ఆ బొమ్మను సాగదీశాడు. సాగదీసిన కొద్దీ అది గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

"మా సేలోనే తీసినాను, మొన్న కోతకి. ఈ బొమ్మే బియ్యం సంచి మీద రావాల. పాతిక కిలోల సంచికి, ఐదు కిలోల సంచికి, మిల్లు గేటు మీద బోర్డుకి, అన్నిటికీ ఇదే," అన్నాడు.

"మరి ముఖం కనబడదే," అన్నాడు షాపు యజమాని రాబర్ట్.

"ముఖమెందుకు? కూలిమనిషే కదా. ఆ వంగిన తీరు బాగున్నాది. ముఖం కావాలంటే ఎవులో హీరోయిన్ది అతికించీ."

గిరిబాబు నవ్వాడు. రాబర్టూ నవ్వాడు. గిరాకీ నవ్వినప్పుడు కలిసి నవ్వడం వ్యాపారధర్మం. గజపతినగరం మెయిన్‌రోడ్డు మీద రాబర్ట్ షాపులో శుభలేఖ నుంచి పెద్దకర్మ కార్డు దాకా మనిషికి జీవితంలో కావలసినవన్నీ అచ్చవుతాయి. రైసుమిల్లు వాళ్ళ సంచి బొమ్మ దొరకడం మాత్రం అదే మొదటిసారి.

శాంతి నవ్వలేదు. తలగుడ్డ ముడి వెనక్కి కాకుండా చెవి పక్కకు వేసుకునే మనిషి, ఎడమచేత్తో వరి కోసే మనిషి తమ ఊరు బంగారువలస మొత్తానికి ఒక్కతే ఉంది. ఆ మనిషి ఈ పొద్దున్నే శాంతికి చద్దన్నం క్యారేజీ కట్టి ఇచ్చింది. 'మా అమ్మండి' అన్నమాట గొంతుదాకా వచ్చింది. కానీ 'కూలిమనిషే కదా' అన్నమాట దానికంటే ముందు వచ్చి కూర్చుంది. ఇతనికి తెలియకపోవడమే నయం అనిపించింది ఒక్క క్షణం. అలా అనిపించినందుకు మరుక్షణమే చెవులు వేడెక్కాయి. ఆమె ఆ వేడిని పనిలోకి మళ్ళించింది.

"ఫోటో సంచి మీదకి ఎక్కదండి," అంది. "సంచి నేత గుడ్డలాంటిది. మూడు రంగులే పడతాయి, నీడలు పడవు. పైగా ఫోటో అంటే కళ్ళంలో గింజలండి. దూరం నించి కుప్పలా ఉంటాది, దగ్గరకెళ్తే గింజ గింజా విడిగా కనబడతాది. దాన్ని రాస్టర్ అంటారు. దీన్ని గీతలతో వెయ్యాలి. గీత గట్టులాంటిది. మడి ఎంత పెంచితే గట్టూ అంత పెరుగుతాది గానీ తెగదు. అది వెక్టర్."

"పేరేదైతే నాకేటి? సంచులు అచ్చేసేవోళ్ళకి శుక్రవారం పంపాల," అన్నాడు గిరిబాబు. ఫోటోను వాట్సాప్‌లో పడేసి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

"ట్రేస్ కొట్టీ శాంతీ, కంప్యూటరే గీసీస్తాది, ఒక్క నిమిషంలో అయిపోతాది," అన్నాడు రాబర్ట్.

కొట్టింది. కంప్యూటరు ఒక్క నిమిషం గిలగిలలాడి, ఫోటోను రెండువేల చుక్కల మధ్య ముక్కలు చేసి పెట్టింది. చీర మడత ఏదో బురద ఏదో దానికి తెలియలేదు. కొడవలిని దుబ్బులో కలిపేసింది. వేళ్ళను మింగేసింది. దానికి వీపైనా ఒకటే, పనలైనా ఒకటే. శాంతి అదంతా చెరిపేసి, ఫోటోను మసకగా అడుగున పెట్టుకుని, గీతలు గీసే పెన్ టూల్ పట్టుకుని మొదటి చుక్క పెట్టింది. వీపు మీద కాదు, కాలి బొటనవేలి దగ్గర. ఎందుకంటే ఆ మనిషి బరువంతా అక్కడ ఉంది.

మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్ళింది. గళ్ళుగా విడిపోయిన ఫోటో చెప్పని సంగతులు చెయ్యే చెప్పాలి. పది గంటలకు వస్తానని రాబర్ట్‌కు ఫోను చేసింది.

ఎనిమిదిమంది ఆడవాళ్ళు వరసగా మునుం పట్టి కోస్తున్నారు. ఎడమ కొసన, గట్టును ఆనుకుని అమ్మ, ఎలీసమ్మ. ఆమె చోటు ఎప్పుడూ అదే. పుర్రచేతివాటం మనిషిని వరస మధ్యలో నిలబెడితే ఆమె కొడవలీ పక్కమనిషి కొడవలీ ఒకదానికొకటి తగులుతాయి. గట్టు పక్క కోత అంటే అందరూ వదిలేసుకునే కోత. గడ్డి దుబ్బులో కలిసిపోయి ఉంటుంది, పీతబొరియల్లో కాలు దిగబడుతుంది. ఎలీసమ్మ అన్నేళ్ళూ ఆ కొసనే కోసింది. కొడవలి కూడా ఆమెది ఆమెకే. కమ్మరి ఎర్రన్న దగ్గర కూర్చుని కక్కులు, అంటే కొడవలి పళ్ళు, రెండో వైపు తిరగేసి కొట్టించుకుంది. దాంతో ఇంకెవరైనా కోయబోతే తెగదు, జారుతుంది.

శాంతి గట్టు మీద కూర్చుని చూసింది. అమ్మ దుబ్బును గుప్పిటతో పట్టదు. బొటనవేలు, రెండు వేళ్ళు చుట్టూ వేసి, మిగిలిన రెండు వేళ్ళూ చాపి ఉంచుతుంది, తరువాతి దుబ్బును అప్పుడే పిలుస్తున్నట్టు. కొడవలి లాగినప్పుడు భుజం కదలదు, మణికట్టు ఒక్కటే తిరుగుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టుంది శాంతికి.

"ఏటే, అలా గుడ్లప్పగించి సూత్తన్నావు? పనికెళ్ళవేటి?" అంది ఎలీసమ్మ తల ఎత్తకుండానే.

"ఇదీ పనే. బియ్యం సంచి మీదకి కోత బొమ్మొకటి ఎయ్యాల."

"అయితే అటెళ్ళి ఆళ్ళని సూడు. నన్ను సూత్తే పుర్రబొమ్మ వస్తాది."

వరసంతా నవ్వింది. ఎలీసమ్మ కూడా నవ్వింది. తన మీద వచ్చే హాస్యాన్ని ముందు తానే అనేసుకోవడం ఆమెకు అలవాటు. పక్కన కోస్తున్న అసిరమ్మ నడుం నిలబెట్టి, "పుర్రదైనా పనికేటి తక్కువ? మేం సగం మడిలో ఉండగానే ఇది అవతలి గట్టెక్కీసి కూకుంటాది," అంది. ఆ మాట అబద్ధం కాదని శాంతి కళ్ళారా చూసింది. మడి తెగేసరికి అమ్మ అవతలి గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళ కోసం మంచినీళ్ళ బిందె దించి ఉంచింది.

ఆ రోజూ, ఆ మరునాడూ శాంతి గీతల మీదే ఉంది. మొత్తం ముప్పై ఒక్క గీత. అంతకంటే ఎక్కువైతే సంచి మీద రంగులు అలికిపోతాయి. ఏది ఉంచాలో తెలుసుకోవడం తేలికే. ఏది పారెయ్యాలో తేల్చుకోవడమే కష్టం. రవిక చేతికి పడిన మాసిక పోయింది. మెడ మీద చెమట పోయింది. తలగుడ్డ కింద నుంచి బయటికి వచ్చిన తెల్ల వెంట్రుకలు, ఫోటోలో మూడే మూడు చుక్కలుగా కనిపించేవి, అవీ పోయాయి. ఒక్కొక్కటి తీసేస్తున్నప్పుడల్లా మనసు చివుక్కుమంది. కానీ చాపిన ఆ రెండు వేళ్ళను మాత్రం వదల్లేదు. మణికట్టు దగ్గర గీత పదకొండుసార్లు గీసింది. పన్నెండోసారి గీసిన గీతను చూసి కుర్చీలో వెనక్కి వాలింది. ముఖం గీయనక్కర్లేకపోయింది కనుక చర్చికెళ్ళే అమ్మకు బొట్టు పెట్టాలా వద్దా అన్న రాద్ధాంతం కూడా లేకుండా పోయింది.

రాబర్ట్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. "శాంతీ, ఇది మన షాపులో వేసిన బొమ్మంటే ఎవులూ నమ్మరు," అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకు మించిన మెప్పు నాలుగేళ్ళలో రాలేదు. శాంతికి గర్వంగా అనిపించింది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

సాయంత్రం గిరిబాబు వచ్చాడు. తెర మీద బొమ్మ చూడగానే అతని ముఖం విప్పారింది. "అచ్చం మన సేలాగే ఉన్నాది," అన్నాడు. దగ్గరికి జరిగాడు. దూరం జరిగాడు. అప్పుడు నొసలు ముడిపడింది.

"ఆగు. కొడవలి ఎడంసేతిలో ఉన్నాదేటి?"

"ఫోటోలో అలాగే ఉందండి," అంది శాంతి.

"ఫోటోలో ఉంటే ఉంటాది. ఇది బియ్యం సంచమ్మా. పుర్రసేత్తో ఎవులికైనా అన్నం ఎడతామా? సూసినోడు మొదట అదే అంటాడు. కుడిసేతికి మార్చీ."

శాంతి నోరు తెరిచేలోగా రాబర్ట్ ముందుకు వంగి మౌసు అందుకున్నాడు. "అదెంత పని బాబూ," అన్నాడు. ఒక్క నొక్కు. బొమ్మంతా అద్దంలో బొమ్మలా అటుది ఇటు తిరిగింది. కొడవలి కుడిచేతిలోకి వచ్చింది. గిరిబాబు తృప్తిగా తల ఊపాడు. రేపు వచ్చి ఖాయం చేస్తానని చెప్పి వెళ్ళాడు.

చిన్నప్పుడు ఎలీసమ్మ ఎడమచేతిని వాళ్ళమ్మ గుడ్డపేలికతో నడుముకు కట్టేసి అన్నం ముందు కూర్చోబెట్టేదట. బడిలో మాష్టారు ఆ చేతి కణుపుల మీద కొట్టేవారట. అంతమంది అన్నేళ్ళు పాటుపడినా కుదరనిది మౌసు ఒక్క నొక్కుతో కుదిరింది. శాంతి తిరగబడిన బొమ్మను ఒక కాగితం మీద అచ్చు తీసి, మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి ఎలీసమ్మ పొయ్యి ముందు వంకాయలు తరుగుతోంది, కత్తిపీట తన వాటానికి తిప్పి పెట్టుకుని. శాంతి కాగితం విప్పి ట్యూబులైటు కింద పట్టుకుంది. ఎలీసమ్మ లేచి వచ్చి చూసింది.

"నువ్వే ఏసావా? ఓలమ్మ, ఎంత బాగుందే." కాసేపు పరీక్షగా చూసింది. "మంచి పనిమంతురాలే. ఆ నడుం సూడు. ఎవులే ఈవిడ?"

తల్లి తనను తాను గుర్తుపట్టలేదు. రెండు రోజులు కూర్చుని ముప్పై ఒక్క గీతల్లో కూర్చిన మనిషిని, ఆ మనిషే ఎరగనట్టు మెచ్చుకుంటోంది.

"అదలా ఉంచు, ఈవిడ పైట అటేసిందేటి?" అంది ఎలీసమ్మ. "ఎనకటి ముసిలోళ్ళు కుడిపైట ఏసీవారు. ఇప్పుడెవులేత్తన్నారు?"

శాంతి చూసింది. నిజమే. బొమ్మ తిరగబడ్డప్పుడు పైట కూడా కుడిభుజం మీదికి పోయింది. ముగ్గురు చదువుకున్నవాళ్ళు అంతసేపు చూసి గమనించని తప్పును వంకాయలు తరుగుతున్న మనిషి ఒక్క చూపులో పట్టింది. శాంతి కాగితాన్ని వెనక్కి తిప్పి, లైటుకు అడ్డంగా ఎత్తిపట్టింది. పల్చటి కాగితంలోంచి బొమ్మ వెనకనుంచి కనిపించింది. కొడవలి ఎడమచేతిలో, పైట ఎడమభుజం మీద.

ఎలీసమ్మ చేతిలో ఉన్న వంకాయ ముక్క పళ్ళెంలో వేసింది. చెయ్యి చీరకు తుడుచుకుంది. చాపి ఉన్న ఆ రెండు వేళ్ళ దగ్గర తన వేలు పెట్టింది.

"ఇది నాను గదే," అంది.

"నువ్వేనమ్మా."

"మరి అటు తిప్పీసినారేటి?" అడిగి, జవాబు తనే చెప్పుకుంది. "బియ్యం సంచి గదా. మంచిదే. సుబమా అని పుర్రసెయ్యి ఎందుకూ."

ఆమె వెళ్ళి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. ఆ 'మంచిదే' అన్నమాట శాంతి గుండెలో ముల్లులా దిగింది. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. అన్నం తింటున్నంతసేపూ ఆమె తల్లి ఎడమచేతినే చూస్తూ కూర్చుంది.

మర్నాడు షాపులో పైట సంగతి చెబితే రాబర్ట్ తేలిగ్గా తీసిపారేశాడు. "దానికి బెంగెందుకు? పైట గీతలు రెండేగా. అవి ఇటు లాగీ, మిగతాది ముట్టుకోకు. దేని గీత దానిదే అయినప్పుడు మనకి కష్టమేటి? అందుకే గదా వెక్టరన్నాది."

అది నిజం. ఫోటో అయితే పైట లాగితే వీపు కూడా వచ్చేది. శాంతి ఆ రెండు గీతలను పట్టి ఎడమభుజం మీదికి లాగింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు బొమ్మలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కుడిచేతిలో కొడవలి, ఎడమభుజం మీద పైట. ఏ సంచి మీదైనా, ఏ ఊళ్ళోనైనా అమ్ముడుపోయే మనిషి. ఎవరికీ అమ్మ కాని మనిషి.

ఆమె కాసేపు దాన్నే చూసింది. తరువాత పాత బొమ్మ ఫైలు తెరిచి దాని పక్కన పెట్టింది.

గిరిబాబు వచ్చినప్పుడు తల్లి నారాయణమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆవిడ బజారులో కొత్త కళ్ళజోడు చేయించుకుంది, దాన్ని పెట్టుకుని కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదువుతోంది. కొడుకు మిల్లు చూసుకుంటాడు గాని, నాట్ల నుంచి నూర్పుల దాకా చేలో నిలబడి పని చేయించేది ఆవిడే. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తెర ముందుకు వచ్చి నిలబడింది.

"రెండెట్టావేటి?" అన్నాడు గిరిబాబు. "నిన్న తేల్చీసినాం గదా. ఈ కుడిసేతిదే."

నారాయణమ్మ కొత్త అద్దాల్లోంచి ఒక బొమ్మను చూసి, రెండోదాన్ని చూసింది. ఎడమచేతి బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"ఇది ఎలీసమ్మ కాదేట్రా?"

"ఏ ఎలీసమ్మ?"

"గట్టు పక్క ఎలీసమ్మ. పెళ్ళై వచ్చిన కాణ్ణించీ మన సేలో కోత్తన్నాది, ఎరగవేటి నువ్వు? ఆ రెండు వేళ్ళూ అలా సాపీది అదొక్కతే." ఆవిడ పక్క బొమ్మ వంక చూపించింది. "ఇదెవులో నానెరగను."

రాబర్ట్ గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి మాట దాటించడం ఆయనకు తెలుసు. శాంతి ఆయనకు ఆ సందు ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆవిడ మా అమ్మండి," అంది గిరిబాబుతో.

గిరిబాబుకు మొదటిరోజు తానన్న మాట గుర్తొచ్చింది. అది అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది.

"ముందే సెప్పుంటే బాగుండీది గదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"చెప్పాల్సిందేనండి. మీరన్న మాటకి సిగ్గేసి చెప్పలేదు. సిగ్గుపడాల్సింది నేను కాదని తరవాత తెలిసింది." ఆమె కుడిచేతి బొమ్మ వైపు చెయ్యి చూపించింది. "మీకు కుడిచేతి బొమ్మే కావాలంటే తయారుగా ఉంది, ఏ తప్పూ లేదు. పంపించీమంటే పంపించీస్తాను. కానీ సంచిలో మీరు పోసే బియ్యం ఆ చేత్తో కోసినవే. కోసినప్పుడు ఎవులూ చెయ్యి మార్చమన్లేదు."

గిరిబాబు తల్లి వంక చూశాడు. నారాయణమ్మ అతన్ని చూడలేదు, బొమ్మనే చూస్తోంది.

"నన్నడగకు," అంది. "ఆ మనిసిని గట్టు పక్కకి తోసినదాన్ని నానే. వరసలో కొడవల్లు తగుల్తాయని. అందరికంటే ముందు దాని మునుమే తెగీది. ఒక్కనాడూ ఆ మాట దానితో అన్లేదు నాను."

గిరిబాబు జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు, వ్యాపారం చేసేవాడు. రెండు బొమ్మల్నీ మరోసారి చూశాడు. కుడిచేతి బొమ్మ దగ్గర అతని చూపు నిలవడం లేదని శాంతి గమనించింది.

"గేటు మీద ఎంత పెద్దది అవుతాది ఇది?" అని అడిగాడు.

"ఇరవై అడుగులన్నా అవుతాదండి. గీత తెగదు."

"అయితే ఈ ఎడంసేతిదే పంపీ. ఎవుడన్నా అడిగితే మా సేలో కోసిన మనిసే అని సెప్తాను."

వాళ్ళు వెళ్ళిపోయాక రాబర్ట్ చాలాసేపు బిల్లుపుస్తకం అటూఇటూ తిప్పాడు. "నిన్న నేను మౌసు అందుకోకుండా ఉండాల్సింది," అన్నాడు ఎటో చూస్తూ. తరువాత ఇద్దరికీ టీ తెప్పించాడు, ఎప్పుడూ తెప్పించే చోటినుంచి కాదు, మంచి చోటినుంచి.

వారం తరువాత నమూనా సంచి వచ్చింది. శాంతి దాన్ని తీసుకుని తిన్నగా చేలోకి వెళ్ళింది. ఆ ఏటి కోతల్లో అదే చివరి మడి. ఆడవాళ్ళు అప్పుడే అన్నాలు తిని గట్టు మీద కూర్చున్నారు. శాంతి సంచి విప్పి పరిచింది. బంగారు రంగు వరి, ఆకుపచ్చ చీర, గోధుమరంగు చేతులు. అందరూ మీద పడ్డారు. ముఖం లేని బొమ్మ ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

"ఒసే ఎలీసమ్మా, బస్తా ఎక్కీసినావే," అంది అసిరమ్మ.

ఎలీసమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు వచ్చి కూర్చుంది. ముందు కొడవలినే చూసింది. "కక్కులు తిరగేసే ఏసావు," అంది కూతురితో. కూతురి పనితనానికి ఆమె ఇచ్చిన మెచ్చుకోలు అదే, శాంతికి అదే చాలు. తరువాత బొమ్మకు అటూ ఇటూ వెతికింది.

"పక్కోళ్ళేరే? గట్టేది?"

"గట్టు లేదమ్మా. నువ్వొక్కదానివే. నడిమినే ఉన్నావు."

ఎలీసమ్మ కళ్ళు తలగుడ్డ కొసతో ఒకసారి ఒత్తుకుంది, ఎండ ఎక్కువైందన్నట్టు. ఎండ అంత లేదు.

"మరైతే ఈయేళ మా నడిమిన మునుం పట్టవే," అంది అసిరమ్మ లేస్తూ. "కొడవలి తగిలితే మేమే సర్దుకుంటాం."

"ఒద్దొద్దు. నా గట్టు నాకే ఉండనీ. అక్కడైతే మీరెవులూ నాకు అడ్డం రారు," అంది ఎలీసమ్మ.

వరసంతా ఒక్కసారిగా నవ్వింది. ఆమె సంచిని మడవబోయింది. మడత సరిగ్గా బొమ్మ చేతి మీద పడుతోంది. చూసుకుని, మళ్ళీ విప్పి, గుండ్రంగా చుట్టి కూతురి చేతికిచ్చింది. కొడవలి ఎడమచేతిలోకి తీసుకుని, గట్టు పక్కన తన చోట వంగింది.